గోడవైపు తలుపు

తలుపు కొట్టకుండా లోపలికి వస్తే ఓనరమ్మ ఊరుకోదు. వచ్చినవాడు ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, అది ఎంత గొప్ప మ్యూజియమైనా సరే. ఆ పొద్దున కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఫోనులో తల దూర్చి, నేరుగా నడుచుకుంటూ వచ్చి, ఆవిడ వంటగది మధ్యలో ఆగాడు.

“ఏమండోయ్, గోడలోంచి వచ్చేశారేంటి? దెయ్యమా మీరు?” అంది ఓనరమ్మ.

ఆయన ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. గోడ ఎక్కడుంది గనక? నున్నటి నల్లరాతి నేల మీద తెల్లటి సుద్దగీతలున్నాయి, అంతే. అవే గోడలు, అవే గదులు. గీతల్లో ఒకచోట మనిషి పట్టేంత ఖాళీ ఉంది, అది తలుపు. చుట్టూ నిలబడ్డ జనం పకపకా నవ్వారు. పెద్దమనిషి ఫోను జేబులో పెట్టేసుకుని, బుద్ధిగా వచ్చిన దారినే వెనక్కి వెళ్లి, తలుపు దగ్గర నిలబడి, నాలుకను అంగిలికి కొట్టి టక్ టక్ మనిపించాడు.

“ఆ, ఇప్పుడు రండి. కాళ్లు తుడుచుకుని రండి,” అంది ఓనరమ్మ, ఆయన్ని అప్పుడే చూసినట్టు మహా మర్యాదగా.

ఆయన అక్కడ లేని గోనెపట్టా మీద బూట్లు తుడుచుకుని మరీ వచ్చాడు.

అదీ ప్రదర్శన. ఆ మ్యూజియం వాళ్లకి ఏం బుద్ధి పుట్టిందో గానీ, అద్దాల పెట్టెలన్నీ పక్క గదుల్లోకి జరిపి, ఒకప్పుడు ఇల్లూ వాకిలీ లేకుండా వీధుల్లో బతికినవాళ్ల చేతికి హాళ్లు అప్పగించారు. వచ్చినవాళ్లు చేతులు కట్టుకుని చూసి పోతామంటే కుదరదు, వీళ్లు చెప్పినట్టు చెయ్యాలి. మొదటి హాల్లో ఒకప్పటి లారీ క్లీనరు అందర్నీ బస్టాండు బల్లల మీద పడుకోబెట్టి, నిద్రలో సంచీ ఎవరూ లాక్కుపోకుండా దాని పట్టీ కాలికి ఎలా చుట్టుకోవాలో నేర్పిస్తాడు. రెండో హాల్లో ఒక ముసలమ్మ ఊరి మ్యాపు చేతికిచ్చి, ఎవరూ కసురుకోకుండా మంచినీళ్లు దొరికే చోటు వెతకమంటుంది. వెతికి వెతికి జనానికి నిజంగానే దాహం వేస్తుంది. మూడో హాలు ఓనరమ్మది, గరిటె బాబాయ్‌ది.

ఓనరమ్మ అంటే ఏ మేడలకో ఓనరనుకునేరు. చొక్కాల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టిన మనిషి. ఫ్యాక్టరీ మూతపడింది, ఆ వెనకే భర్త పోయాడు, అద్దెగది పోయింది. వరసగా అన్నీ చెప్పమంటే మాత్రం ఆవిడ చెప్పదు. “పోయేవన్నీ పోయాయి, ఒక సంచీ మిగిలింది, అది పట్టుకుని బయటికొచ్చాను,” అని రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. ఆ సంచీతో ఆవిడ చేరింది ఒక పాత సినిమాహాలు వరండాకి. ఆట ఆగిపోయి ఎన్నాళ్లయిందో, టికెట్ల కిటికీకి మేకులు కొట్టేసి ఉన్నాయి. పోస్టర్లు అంటించే చెక్క చట్రాల్లో పిచ్చుకలు కాపురం పెట్టాయి.

మొదటిరోజు ఆవిడ ఒక స్తంభానికి చేరగిలబడి, సంచీ కావలించుకుని, మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చుంది. వరండా అవతలి చివర ఇద్దరు మగవాళ్లు కూర్చుని టీ తాగుతున్నారు. ఇద్దర్లో పొడుగాటి మనిషి లేచి ఇటే వచ్చాడు. రాయి తీసుకుందామని ఓనరమ్మ చెయ్యి నేల తడిమింది. ఆయన దగ్గరికి రాలేదు. కాస్త దూరంలో వంగి, జేబులోంచి సుద్దముక్క తీసి, జానలతో కొలుచుకుంటూ ఆవిడ చుట్టూ నాలుగు పలకలుగా గీత గీశాడు.

“ఇదిగోమ్మా, ఇది నీ గది,” అన్నాడు. “నువ్వు పిలవంది ఎవరూ రారు. వస్తే నాకు చెప్పు, నేను మేస్త్రిని.”

నిజంగానే మేస్త్రి. ఊళ్లో సగం ఇళ్లకి గోడలు లేపిన మనిషి, తనకంటూ గోడ లేకుండా అయిపోయాడు. ఆ గీతలోపల ఓనరమ్మ ఆ రోజు కాళ్లు చాపుకుని పడుకుంది. ఒక గీతలో ఏముందని అడిగితే ఇప్పటికీ ఆవిడ చెప్పేది ఒకటే. కాళ్లు చాపుకున్నాను, నిద్ర పట్టింది, అంతే.

మర్నాటి నుంచి అది ఇల్లయి కూర్చుంది. రెండోవాడు హాస్టల్లో వంటపని పోగొట్టుకున్న గరిటె బాబాయ్. ఎక్కడికి పోయినా నడుముకి గరిటె దోపుకునే తిరిగేవాడు. ఆయన తన గది పక్కనే వంటగది గియ్యమన్నాడు. వండడానికి ఏముందయ్యా అంటే, “ఉన్నరోజు ఎక్కడ వండాలో తెలియొద్దా?” అన్నాడు. దాని పక్కన మేస్త్రి గది, ఈ చివర ఓనరమ్మ గది, మధ్యలో ముగ్గురూ కూర్చునే హాలు. గాలి ఎటునుంచి వస్తుందో వేలు తడిచేసి చూసి మరీ కిటికీలు పెట్టేవాడు మేస్త్రి. పొద్దున్నే తడిగుడ్డతో ఇల్లంతా తుడిచెయ్యాలి, ఆనవాలు కనిపించకూడదు. ఆ సినిమాహాలు వాచ్‌మన్ ఆ షరతు మీదే వాళ్లని ఉండనిచ్చాడు. సాయంత్రం అయ్యేసరికి మళ్లీ కొత్త ఇల్లు. ఎవరు గీత దాటినా మేస్త్రికి ఒళ్లు మండేది. “గోడలోంచి వస్తావేంటి, దెయ్యానివా? తలుపు కొట్టు!” అని అరిచేవాడు. కొట్టడానికి చెక్క ఏదీ? అందుకే నాలుకతో టక్ టక్.

సుద్ద మాత్రం ఆవిడ కొంగున ముడివేసి ఉండేది. “సుద్ద ఎవరిదగ్గరుంటే ఇల్లు వాళ్లది. ఇవాళ్టి నుంచి నువ్వు ఓనరమ్మవి, మేమిద్దరం నీ దగ్గర అద్దెకున్నాం,” అన్నాడు మేస్త్రి. ఆ పేరే నిలిచిపోయింది. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు కూడా ఎవరూ మిగల్లేదు.

ఇప్పుడు ఆవిడకి నిజం గది ఉంది. మూడో అంతస్తు, గడియ, కిటికీ, కుళాయి, అన్నీ ఉన్నాయి. ఇల్లు లేనివాళ్లని చూసుకునే షెల్టరు వాళ్లు ఇప్పించారు. తాళం చేతికొచ్చిన రోజు గడియ వేసి, తీసి, మళ్లీ వేసి, సంతోషం పట్టలేక ఏడ్చింది. ఏమాటకామాట చెప్పుకోవాలి, ఆ గది ఆవిడకి ప్రాణం. కానీ రానురాను సాయంత్రమయ్యేసరికి చెయ్యి కొంగు ముడి తడుముకునేది. అటు మేస్త్రి గురక, ఇటు బాబాయ్ నిద్రలో కలవరింతలు లేకపోతే నిద్ర దగ్గరికి వచ్చేది కాదు. ఆ వరండా మీద బెంగగా ఉందని ఎవరితో అంటుంది? పిచ్చిదనుకుంటారు. చలి, దోమలు, ఒళ్లు కాలిపోయే జ్వరం, ఖాళీ కడుపు, తాగుబోతుల చూపులు, అవన్నీ ఆవిడకి గుర్తే, వాటి మీద బెంగేం లేదు. బెంగల్లా “వంటగదిలో గాలి రావట్లేదోయ్ మేస్త్రీ” అని బాబాయ్ ఆరుబయట కూర్చుని ఫిర్యాదు చేసినప్పుడు, మేస్త్రి లేచి వెళ్లి గంభీరంగా ఇంకో కిటికీ గీసి వచ్చినప్పుడు, ముగ్గురూ కడుపు చెక్కలయ్యేలా నవ్విన నవ్వుల మీద. నాలుగు గోడలున్న ఇళ్లలో ఆవిడ అలా ఎప్పుడూ నవ్వలేదు.

అసలు దిగులు ఇంకొకటుంది. ఒకరోజు మేస్త్రికి పొరుగూళ్లో పని దొరికింది. భుజాన తువ్వాలు వేసుకుని బయల్దేరుతూ, “ఓనరమ్మా, వారం పదిరోజుల్లో వచ్చేస్తా. నా గది ఎవరికీ అద్దెకివ్వకు,” అన్నాడు.

“నీ గురక పట్టిన గది ఇంకెవరికి పనికొస్తుంది? పోయిరా, పో,” అంది ఓనరమ్మ.

నవ్వుకుంటూ వెళ్లాడు. మళ్లీ రాలేదు. వాళ్లిద్దరూ ఎదురుచూస్తూ ఉండగానే ఒకనాడు మిషన్లు వచ్చి సినిమాహాలు పడగొట్టేశాయి. చుట్టూ రేకులు కట్టేశారు. ఇద్దరూ షెల్టరులో చేరాక కూడా ఓనరమ్మ చాన్నాళ్లు సాయంత్రాలు వెళ్లి ఆ రేకుల పక్కన నిలబడేది. రేకు మీద సుద్దతో ఇంటి బొమ్మ గీసేది, వాన వచ్చి కడిగేసేది. మేస్త్రి తిరిగొచ్చి ఉంటే? వచ్చి, ఇల్లు లేదు, మనుషులు లేరు, నన్ను వదిలేసి పోయారు అనుకుని వెళ్లిపోయి ఉంటే?

అందుకే మ్యూజియం మేడమ్ షెల్టరుకి వచ్చి ప్రదర్శన సంగతి చెప్పినప్పుడు ఓనరమ్మ ఒకే ఒక్క మాట అడిగింది. “పోస్టర్లు వేస్తారా? ఊరంతా వేస్తారా?”

“బస్సుల మీద కూడా వేస్తామండీ. మీ ఫొటో పెద్దగా పెడతాం,” అంది మేడమ్.

“నా మొహం ఎవరిక్కావాలి? మా ఇంటి బొమ్మ పెట్టండి. మా మేస్త్రికి అక్షరం రాదు. బొమ్మ చూస్తే ఎక్కడున్నా పోల్చుకుంటాడు.”

మేడమ్ మంచిది, ఒప్పుకుంది. అలా ఓనరమ్మ ప్రదర్శనలో చేరింది. మేస్త్రి రావాలి. వచ్చి, గది అలాగే ఉందని చూసుకోవాలి. కళకోసమో చప్పట్లకోసమో కాదు, ఆవిడ వచ్చింది దానికోసం.

మొదటిసారి హాల్లో ఇల్లు గీసిన రోజు ఓనరమ్మ వీధివైపు, అంటే జనం నిలబడేవైపు తలుపు పెట్టింది. గరిటె బాబాయ్ బుర్ర గోక్కున్నాడు.

“అమ్మాయ్, తలుపు ఇక్కడేనంటావా? నాకెందుకో పక్కకి తిరిగి దూరేవాళ్లమని గుర్తు.”

“ఆ పొట్టేసుకుని నువ్వెటు పోయినా పక్కకి తిరగాల్సిందే బాబాయ్,” అంది ఓనరమ్మ. ఓనరమ్మకి తెలియనిది తనకేం తెలుసని ఆయన ఊరుకున్నాడు. తలుపు అక్కడే ఉండిపోయింది.

ప్రదర్శన బాగానే నడిచింది. ఒక్కొక్కరే తలుపు కొట్టి లోపలికి రావాలి. వచ్చినవాళ్లకి ఓనరమ్మ సుద్ద ఇస్తుంది. “మీరు వదిలేసి వచ్చిన ఇంట్లోంచి ఒక వస్తువు పట్రండి. మా ఇంట్లో చోటుంది, పెట్టుకోండి,” అంటుంది. మొదట్లో జనం సిగ్గుపడతారు. ఒకరు మొదలుపెట్టారా, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. ఒకావిడ అమ్మ కుట్టుమిషను గీసింది, చక్రం తిప్పే పిడితో సహా. బట్టతల ఆయన నాన్న రేడియో గీసి, దాని ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని కదలనన్నాడు. కాలేజీ అమ్మాయి ఒకతె గోడకి పెన్సిలు గీతలు గీసింది, చిన్నప్పుడు తన ఎత్తు కొలిచినవి. ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆ గోడని వెంట తెచ్చుకోలేకపోయానని చెబుతూ చెబుతూ వెక్కింది. గరిటె బాబాయ్ అందర్నీ వంటగదిలో కూర్చోబెట్టి, ఖాళీ గిన్నెలో గరిటె తిప్పుతూ, “ఏం కావాలో చెప్పండి, ఇక్కడ లేదనే మాట లేదు,” అంటాడు. సాయంత్రానికి ఇల్లు సామాన్లతో కిటకిటలాడిపోతుంది. కాలు పెట్టే సందుండదు.

ఒక్క మేస్త్రి గదిలో మాత్రం ఓనరమ్మ చుక్క పెట్టనివ్వలేదు. అది నల్లగా, నున్నగా, ఖాళీగా ఉండేది. ఎవరో ఒకరు అడిగేవారు, ఇది ఎవరి గదని.

“మేస్త్రిది. పనికెళ్లాడు. వచ్చేస్తాడు,” అనేది ఓనరమ్మ.

అడిగినవాళ్లు చేతిలోని సుద్ద దించేసి, గీత నుంచి ఒకడుగు వెనక్కి వేసేవాళ్లు. మేడమ్‌కి ఆ ఘట్టం తెగ నచ్చేసింది. “ఆ డైలాగు తర్వాత కాస్త ఆగండి. బ్రహ్మాండంగా పండుతోంది,” అంది ఒకరోజు.

ఓనరమ్మకి చిర్రెత్తుకొచ్చింది. “డైలాగేంటి మేడమ్? ఆయన పనికెళ్లాడు, నేను చెప్తున్నాను. ఇందులో పండడానికేముంది?”

మేడమ్ మొహం చిన్నబోయింది. సాయంత్రం టీ తెచ్చిచ్చి, తప్పుగా అనుకోవద్దంది. ఓనరమ్మ టీ తాగింది, అంతటితో ఆ సంగతి వదిలేసింది.

అలా చూస్తూ చూస్తూ ఆఖరిరోజు వచ్చేసింది. ఇంకో ఊరి నుంచి ఏవో విగ్రహాలు వస్తున్నాయట, హాలు వాటికి కావాలి. పొద్దుటి నుంచి ఓనరమ్మ చూపంతా గుమ్మం మీదే. పొడుగాటి మనిషి ఎవరు లోపలికి వంగినా లేచి నిలబడేది. కోటు పెద్దమనిషిని అంత గట్టిగా కసరడం కూడా అందుకే, నీడ చూసి మేస్త్రే అనుకుంది మరి. పొద్దుటి ఆట అయింది. మధ్యాహ్నం ఆట మొదలైంది. సాయంత్రం ఇంకొక్కటి, తర్వాత తుడుపుగుడ్డ. మేస్త్రి ఇక ఎప్పుడు వస్తాడు, ఎక్కడికని వస్తాడు?

మధ్యాహ్నం గుంపులో వెనక ఒకావిడ నిలబడి ఉంది. నెరిసిన జుట్టు, చేతిలో చిన్న బట్టసంచీ. అందరూ వరసగా తలుపు దగ్గర టక్ టక్ మంటూ లోపలికి వస్తున్నారు. ఆవిడ వరసలో నిలబడలేదు. ఇంటి చుట్టూ మెల్లగా, ఏదో వెతుకుతున్నట్టు నడిచింది. వెనక్కి వెళ్లింది. అక్కడ మ్యూజియం గోడకీ సుద్దగీతకీ మధ్య జానెడు సందు మాత్రమే ఉంది. ఆవిడ సంచీ గుండెకి హత్తుకుని, పక్కకి తిరిగి, వీపు గోడకి రాసుకుంటూ ఆ సందులోకి దూరింది. మధ్యకి వచ్చి ఆగి, ఇంటివైపు మొహం పెట్టి, నాలుకతో టక్ టక్ మంది.

జనం నవ్వారు.

“అమ్మా, అది గోడ. తలుపు ఇటుంది, చుట్టూ తిరిగి రండి,” అంది ఓనరమ్మ.

“కాదమ్మా,” అంది ఆవిడ నెమ్మదిగా. “తలుపు ఇటే. మా అన్నయ్య గోడవైపు తప్ప ఎప్పుడూ పెట్టేవాడు కాదు.”

వంటగదిలోంచి గరిటె బాబాయ్ ఒక్క కేక పెట్టాడు.

“చెప్పానా అమ్మాయ్! గోడకి రాసుకుని రాసుకుని నా చొక్కా బొత్తాలు ఊడొచ్చేవి! నువ్వే కుట్టేదానివి కదటే!”

అప్పుడు గుర్తొచ్చింది. ఎలా మర్చిపోయిందో, అంత మంచి సంగతి! మొదట్లో తలుపు వీధివైపే ఉండేది. ఒక సాయంత్రం కుంభవృష్టి. దారినపోయే జనమంతా పరుగున వరండా ఎక్కేశారు. ఎక్కినవాళ్లు ఎక్కినట్టు, ఎవరో చెప్పినట్టే, సరిగ్గా తలుపులోంచే లోపలికి వచ్చారు. ఒకడు వంటగదిలో నిలబడి సిగరెట్ వెలిగించాడు. ఇంకొకడు మేస్త్రి పక్క మీద గొడుగు దులిపాడు. మేస్త్రి తిట్టడానికి లేచి, తలుపువైపు చూసి మళ్లీ కూర్చున్నాడు. “గోడలోంచి వస్తే తిట్టేవాణ్ని. తలుపులోంచే వచ్చారు, ఏమంటాం?” అన్నాడు జనం పోయాక. ఓనరమ్మ నవ్వీ నవ్వీ కూలబడింది. మర్నాడు మేస్త్రి తలుపు తీసుకెళ్లి టికెట్ల కిటికీ గోడవైపు పెట్టాడు. “ఇల్లు వీధికి వీపు తిప్పుకుని కూర్చుంటుంది. మనవాళ్లయితే కష్టపడి చుట్టూ తిరిగి వస్తారు. రానివాళ్లు మనవాళ్లు కారు,” అన్నాడు. మళ్లీ ఏనాడూ మార్చలేదు. ఓనరమ్మ మనసేమో తలుపు వీధివైపున్న ఆ మొదటి రోజుల దగ్గరే ఆగిపోయింది.

“నువ్వు మేస్త్రి చెల్లెలివా?” అంది ఓనరమ్మ. “ఆయనేడీ? బయటున్నాడా? రమ్మను, నేనేం అనను, రమ్మను.”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆ ఊపులోనే ఓనరమ్మకి సంగతి అర్థమైపోయింది. బాబాయ్ వచ్చి ఓనరమ్మ జబ్బ పట్టుకున్నాడు. మేడమ్ జనాన్ని మెల్లగా పక్క హాల్లోకి పంపేసింది.

గోడకీ గీతకీ మధ్య అలాగే నిలబడి చెప్పింది చెల్లెలు.

“పనికెళ్లిన ఊళ్లో గోడ కడుతూ పరంజా మీంచి పడ్డాడమ్మా. నడుం పోయింది, మాట కూడా సగం పోయింది. ఆస్పత్రి వాళ్లు ఎలాగో నా ఆచూకీ పట్టుకున్నారు. అప్పటికి మేం మాట్లాడుకోక ఏళ్లయింది, ఎందుకో కూడా సరిగ్గా గుర్తులేదు. ఇంటికి తీసుకెళ్లాను. రోజూ సాయంత్రం మంచం దిగి, పాక్కుంటూ నేలంతా గీతలు గీసేవాడు. నేను ఆ గీతలు తుడవలేక చచ్చేదాన్ని. ఇదేంటి అన్నయ్యా అంటే, నా ఇల్లు అనేవాడు. గోడవైపు నుంచి రా, తలుపు కొట్టు అనేవాడు. నేను తిట్టేదాన్నమ్మా. ఇంత ఇంట్లో పెట్టుకుని చూసుకుంటుంటే నీకు ఇంకో ఇల్లెక్కడిది, మతి పోయిందా అనేదాన్ని.”

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

“పోరు పడలేక ఒకసారి ఆటో కట్టించుకుని ఇక్కడికి తీసుకొచ్చాను. హాలు లేదు, రేకులున్నాయి. దిగకుండా అలాగే చూస్తూ కూర్చున్నాడు. వాళ్లేమైపోయారో అన్నాడు. కాసేపాగి, నా గది అద్దెకిచ్చేసిందేమో అన్నాడు. మీరు ఆయన్ని వదిలేశారని ఎప్పుడూ అనలేదమ్మా, ఎంతసేపూ ఆ గది గోలే. మొన్న చలికాలంలో పోయాడు. పోయేముందు కూడా అదే మాట. నేనది మతిలేని మాటే అనుకున్నాను. మొన్నామధ్య బస్సు వెనక మీ పోస్టరు చూశాను. రోజూ నా చేతులతో తుడిచిన బొమ్మ! అయితే నిజంగానే ఇల్లుందన్నమాట, నేనే నమ్మలేదన్నమాట అనుకున్నాను. ఒక్కటే అడుగుదామని వచ్చానమ్మా. ఆ గది ఎవరికైనా ఇచ్చారా?”

ఓనరమ్మ ముందుకొచ్చింది. వంగి, చీర కొంగుతో గోడవైపు గీత కాస్త చెరిపింది. అక్కడ తలుపైంది. చెల్లెలి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. కుట్టుమిషన్లు, రేడియోలు, ఊయలలు, చిలక పంజరాలు, పెన్సిలు గీతల గోడలు, ఎవరెవరివో సామాన్లు దాటుకుంటూ వెళ్లారు. మేస్త్రి గది ముందు ఆగారు. తెల్లటి ఇంట్లో అదొక్కటే నల్లగా ఉంది.

“చూడమ్మా,” అంది ఓనరమ్మ. “ఎవర్నీ కాలు పెట్టనివ్వలేదు. నువ్వు వెళ్లు.”

చెల్లెలు లోపలికి వెళ్లి నేల మీద కూర్చుంది. అరచేత్తో ఆ రాయిని అటూ ఇటూ నిమిరింది. తర్వాత బోరున ఏడ్చింది. ఓనరమ్మ గీత ఇవతలే కూర్చుని ఏడ్చింది. గరిటె బాబాయ్ వంటగదిలోకి పోయి, అటు తిరిగి, ఖాళీ గిన్నెలో గరిటె తిప్పుతూ నిలబడ్డాడు.

చాలాసేపటికి మేడమ్ వచ్చి ఓనరమ్మ పక్కన చతికిలబడింది. “సాయంత్రం ఆట మానేద్దామా అక్కా?” అంది. అక్కా అనడం అదే మొదలు.

“ఎందుకు మానడం? ఇంటికి జనం వస్తుంటే మొహం మీద తలుపేసుకుంటామా?” అంది ఓనరమ్మ ముక్కు చీదుకుంటూ. “తడిగుడ్డ ఇలా పడెయ్యి. ఇల్లు మళ్లీ గియ్యాలి.”

చెల్లెలు బట్టసంచీలోంచి అరిగిపోయిన సుద్దముక్క ఒకటి తీసింది. మేస్త్రి చొక్కా జేబులో దొరికిందట. పారెయ్యబుద్ధి కాక ఉంచుకుందట. ఓనరమ్మ దాన్ని కళ్లకద్దుకుంది. అందరూ కలిసి నేల తుడిచారు, మేడమ్ కూడా చీర ఎగ్గట్టి మోకాళ్ల మీద పాకింది. మేస్త్రి గదికి నాలుగు గోడలూ ఆ ముక్కతోనే గీసింది ఓనరమ్మ. గది అయ్యేసరికి సుద్ద వేళ్ల మధ్య పొడైపోయింది. మిగతా ఇల్లు మ్యూజియం సుద్దతో కానిచ్చింది. తలుపు గోడవైపు పెట్టింది.

“జనం ఒక్కొక్కరే ఆ సందులోంచి రావాలంటే చాలాసేపు పడుతుందేమో అక్కా,” అంది మేడమ్ బెరుగ్గా.

“పట్టనీ. కష్టపడి వచ్చేవాళ్లే రానీ.”

ఆశ్చర్యం ఏమిటంటే, అందరూ వచ్చారు. లావుపాటివాళ్లు ఊపిరి బిగబట్టి, పొట్టలు లోపలికి లాక్కుని, గోడకి రాసుకుంటూ, ఒకళ్లనొకళ్లు చూసి నవ్వుకుంటూ, నాలుకలతో టక్ టక్ మంటూ వచ్చారు. పొద్దుటి కోటు పెద్దమనిషి ఈసారి భార్యని కూడా వెంటబెట్టుకొచ్చాడు. “అటు కాదే, గోడలోంచి రాకూడదు,” అని ఆవిడకి నేర్పుతున్నాడు. ఇల్లు మళ్లీ నిండింది. బాబాయ్ వంటగది సందడెక్కింది. చెల్లెలు హాల్లో ఒక మూల కూర్చుని, వచ్చినవాళ్లకి సుద్దలు అందిస్తోంది. ఓనరమ్మకి ఆ గోల చెవినపడుతుంటే కళ్లముందు వరండా కదిలింది. పిచ్చుకల చట్రాలు, మేకులు కొట్టిన కిటికీ, వేలు తడిచేసి గాలికి పెట్టిన పొడుగాటి మనిషి. ఇక ఆయన గోడలోంచి వచ్చినా కాదనేవాళ్లు లేరు. అయినా మేస్త్రి అలా రాడు, తలుపులోంచే వస్తాడు.

కోటు ఆయన భార్య సామాన్ల మధ్య నడుస్తూ నడుస్తూ ఖాళీ గది ముందు ఆగింది. “ఏమండీ, ఇదెవరి గది?” అంది గట్టిగా.

పక్కనున్నవాళ్లు కూడా ఓనరమ్మ వైపు తిరిగారు. రోజూ చెప్పే మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెల్లెలు తలెత్తి చూసింది.

“మేస్త్రిది,” అంది ఓనరమ్మ. “వచ్చేశాడు. పడుకున్నాడు. కాస్త మెల్లగా మాట్లాడండి.”

ఆ ముక్క ఒకరి నుంచి ఒకరికి పాకింది. నవ్వేవాళ్లు నవ్వు ఆపుకుని గుసగుసల్లోకి దిగారు, నడిచేవాళ్లు మునివేళ్ల మీద నడిచారు. గరిటె బాబాయ్ నీళ్ల కోసం బయటికెళ్లి అప్పుడే తిరిగొచ్చాడు. పొట్ట గోడకి రాసుకుంటూ తలుపు దగ్గరికి చేరి, నాలుక అంగిలికి ఆనించి, మేస్త్రి పడుకున్నాడన్న గుసగుస విని, గదివైపు చూసి ఆగాడు. చప్పుడు చెయ్యకుండా, గాల్లోనే వేలితో రెండుసార్లు కొట్టాడు.